ఎడమ కాలి బ్రేకు

సోమవారం పొద్దున ఆమె షెడ్డు షట్టరు సగం ఎత్తేసరికే క్యాషియరు గారి పాత మోటారుసైకిలు తిరిగొచ్చింది. తన చక్రాల మీద కాదు, ట్రాలీ ఆటోలో, తాళ్లతో కట్టేసి. నిన్న సాయంత్రం ఇదే గుమ్మంలో దాన్ని ఆఖరిసారి గుడ్డతో తుడిచి తాళం క్యాషియరు గారి చేతిలో పెట్టింది. మూలన పడి తుప్పు పట్టిన బండిని మళ్లీ నిలబెట్టడం పద్నాలుగు నెలల పని. సగం నాన్న చేశాడు. ఆయన పోయాక మిగిలిన సగం ఆమె చేసింది. తీరా చూస్తే దాని మీద క్యాషియరు గారు వెళ్లింది రెండు వీధులు.

క్యాషియరు గారి కొడుకు ఆటో ముందు సీటులోంచి దిగాడు. పలకరింపు లేదు.

“దించుకోండి. బ్రేకుల్లేని బండి చేతికిచ్చి మా నాన్నని పంపారు. ఎడమ మణికట్టు విరిగింది.”

“ఎవరో పాప అడ్డం వచ్చిందన్నారు...”

“పాపకేం కాలేదు. ఈయన గోడకేసి కొట్టుకోబట్టి ఏం కాలేదు. ఇంకో మూరెడు ఇటయితే ఏమయ్యేదో మీరే చెప్పండి.”

“బ్రేకు సంగతి ఆయన ఏమన్నారు?”

“ఏమంటారు? ఒకసారి కాదు, రెండుసార్లు ఒంటి బరువంతా పెట్టి తొక్కారట. పట్టలేదు. తొక్కేకొద్దీ బండి ఇంకా ముందుకే పోయిందట.” అతను ఆటోవాడికి సైగ చేసి, వెళ్లబోతూ ఆగాడు. “మీ నాన్న, మేస్త్రీ గారు ఉండుంటే ఇలా జరిగేదా చెప్పండి.”

పక్క కొట్టు మనిషి సాయం పట్టాడు. బండి దించారు. తోస్తే కదల్లేదు. అలవాటు కొద్దీ ఆమె క్లచ్ పట్టుకుంది, అప్పుడు దొర్లింది. మనసంతా బ్రేకు మీదే ఉండటంతో బండి ఎందుకు మొరాయించిందో ఆలోచించలేదు.

సెంటర్ స్టాండు వేసి, చక్రం చేత్తో తిప్పుతూ, ఎడమ వైపు బ్రేకు పెడలు అరచేత్తో నొక్కింది. వెనక చక్రం రాయిలా ఆగిపోయింది. వదిలి, చక్రం తిప్పి, మళ్లీ నొక్కింది. మళ్లీ ఆగింది. పది సార్లు నొక్కింది. పదిసార్లూ ఆగింది.

అంతటితో సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోలేదు. బండి నిలబడి ఉన్నప్పుడు పట్టే బ్రేకు పరుగులో పట్టాలని రూలు లేదు. చక్రం విప్పింది. డ్రమ్ములో వేలు పెట్టి చూసింది, నూనె జిడ్డు లేదు, తడి లేదు. బ్రేకు షూల మీది లైనింగు కొత్తది కొత్తగానే ఉంది. రాడ్డు వంగలేదు. నట్టు తను బిగించిన చోటే ఉంది, పిన్ను కొసలు తను వంచినట్టే ఉన్నాయి. అన్నీ విడదీసి పాత దుప్పటి మీద వరసగా పరిచి, వాటి ముందు గొంతుక్కూర్చుంది.

మధ్యాహ్నం అమ్మ క్యారేజీ తెచ్చి బయట సిమెంటు బెంచీ మీద పెట్టింది. ఆదివారం ఆదివారం ఆ బెంచీ మీదే క్యాషియరు గారి బృందం కూర్చునేది. నలుగురైదుగురు, అందరూ అరవైకి అటూ ఇటూ. వారమంతా కొత్త బళ్ల మీద తిరిగి, ఆదివారం మాత్రం దాచుకున్న మొదటి బళ్లు బయటికి తీసేవాళ్లు. క్యాషియరు గారిది ఒక్కటే పాతికేళ్లుగా మూలన పడి ఉండేది. వాళ్ల మాటల్లో సగం ఆ బళ్ల గురించే.

“ఊరంతా పాకిపోయిందే,” అంది అమ్మ. “పోనీ, వెళ్లి తప్పయిందని చెప్పేసి రా. పెద్దాయన. నీ మాటకి కరిగిపోతాడు.”

“తప్పు కనబడితే చెప్తానమ్మా.”

“కనబడకపోతే?”

“కనబడేదాకా వెతుకుతా.”

“మీ నాన్న మొండితనం నీకిచ్చి పోయాడు. ఇంకేదైనా పనికొచ్చేది ఇచ్చినా బాగుండేది,” అని అమ్మ మూత తీసి అన్నం కలపడం మొదలుపెట్టింది. కూతురి చేతులు గ్రీజుతో ఉన్నప్పుడు ముద్దలు చేసి పెట్టడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

మంగళవారం ఆ బృందంలోని కాంపౌండరు వచ్చాడు. ఆయన పాత బండి నెల రోజులుగా షెడ్డులోనే ఉంది, సైలెన్సరు పనికి. మామూలుగా వస్తూనే ఒక జోకు వదిలే మనిషి, ఆ రోజు గుమ్మం దగ్గరే నిలబడి గోడ మీది పానాల వరస చూస్తూ మాట్లాడాడు.

“అమ్మాయ్, కోపం తెచ్చుకోకు. బండి పట్టుకెళ్తా.”

“ఇంకా పూర్తి కాలేదండి. ఎల్లుండికి అయిపోతుంది.”

“ఫరవాలేదులే. మెయిన్ రోడ్డులో కొత్తగా ఎవరో షెడ్డు పెట్టారు కదా... మా ఇంట్లో గోల. ఆడవాళ్ల సంగతి తెలిసిందేగా.” తను మాట్లాడుతున్నది ఒక ఆడపిల్లతోనని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, దగ్గాడు. “ఆదివారం కూడా ఇక్కడ కాదు. మొదటి బళ్ల కబుర్లు ఈసారి స్కూలు గ్రౌండులో పెట్టుకుందాం అన్నాడు డ్రిల్లు మాస్టారు. జాగా ఎక్కువని.”

పన్నెండేళ్లుగా ఈ బెంచీ మీద సరిపోయిన జాగా రెండు రోజుల్లో తగ్గిపోయింది. ఆమె పానా అందుకుంది. సైలెన్సరు క్లాంపు బిగించి, విప్పిన రెండు నట్లు చిన్న పొట్లం కట్టి ఆయన జేబులో వేసింది. “ఇవి మర్చిపోకండి. మెయిన్ రోడ్డులో ఈ సైజు దొరకవు.”

కాంపౌండరు బండి తోసుకుంటూ వెళ్లాడు. స్టార్టు చెయ్యలేదు. వీధి మలుపు తిరిగాక గానీ చప్పుడు వినబడలేదు.

బుధవారం ఆమె చక్రం తిరిగి బిగించింది. గొలుసు బిగువు చూద్దామని చక్రం చేత్తో తిప్పితే బరువుగా తిరిగింది, ఇంజను దమ్ము అడ్డుపడుతోంది. బండి గేరులో ఉంది. సోమవారం పొద్దున తోస్తే కదలకపోవడం అప్పుడు గుర్తొచ్చింది. గోడకు కొట్టి ఆగిన బండిని తర్వాత ఎవరూ ముట్టుకోలేదు, ఎత్తి ట్రాలీలో పడేశారు అంతే. అంటే గోడ దగ్గర ఏ గేరులో ఉందో, ఇప్పుడూ అదే గేరులో ఉంది.

ఆమె చేతులు తుడుచుకుంది. ఆ పాత బళ్లలో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఇప్పటి బళ్లన్నిటికీ సరిగ్గా తిరగేసి. మొదటి గేరుకు పైకి ఎత్తాలి, తక్కినవాటికి కిందికి తొక్కాలి. కుడి వైపు కూర్చుని, ఒక చేత్తో చక్రం కదుపుతూ, రెండో చేత్తో గేరు పెడలు పైకి ఎత్తింది. టక్కు. ఒకటి. మళ్లీ ఎత్తింది. రెండు. మళ్లీ. మూడు. ఆ పైన ఇంక ఎత్తడానికి లేదు, మొదటి గేరుకు వచ్చేసింది.

అంటే బండి ఇన్నాళ్లూ ఉన్నది నాలుగో గేరులో.

ఆయన గోడకు కొట్టుకున్న సందులో రెండో గేరు దాటి ఎవరూ నడపరు. ఎదురుగా సైకిలు వస్తే పక్కకు ఒదిగే సందు అది. రెండు నుంచి నాలుగుకు పోవాలంటే కుడి కాలితో కిందికి రెండుసార్లు తొక్కాలి.

ఒకసారి కాదు, రెండుసార్లు ఒంటి బరువంతా పెట్టి.

ఆమె అలాగే నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి బండి చుట్టూ తిరిగింది. పడినప్పుడు గేరు పెడలు నేలకు తగిలి దిగిందేమో అని ఎవరైనా అడగొచ్చు. గీతలన్నీ ఎడమ వైపే ఉన్నాయి. హ్యాండిలు కొస ఎడమది అరిగింది, ఎడమ ఫుట్‌రెస్టు వెనక్కి వంగింది. కుడి వైపు పెయింటు మీద ఆదివారం తను తుడిచిన మెరుపు అలాగే ఉంది.

సాయంత్రం అమ్మకు చూపించింది. అమ్మకు గేర్ల సంగతి సగమే అర్థమైంది, కానీ ఆ సగం చాలు.

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! పద, ఇప్పుడే నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి అరిచొస్తాను.”

“మొన్న తప్పయిందని చెప్పి రమ్మన్నావు.”

“మొన్న సంగతి మొన్న. మాట మార్చడానికి నాకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.”

ఆమె నవ్వింది. వారంలో అదే మొదటిసారి. “అరిస్తే ఆయన కాదంటాడమ్మా. ఆయన అబద్ధం ఆడటం లేదు. బ్రేకే తొక్కాననుకుంటున్నాడు.” కాస్త ఆగి అంది, “నా తప్పు కూడా ఒకటుంది. తాళం ఇచ్చేటప్పుడు, గేరు కుడి వైపండీ, ఒకసారి గ్రౌండులో తిప్పి చూద్దాం అన్నాను. నువ్వు పుట్టకముందు నుంచీ నడిపానమ్మాయ్ అన్నారు. నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉండాల్సింది.”

గురువారం ఆమె క్యాషియరు గారి ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని. ఎవరో చుట్టాలు వచ్చి ఉన్నారు. గోడ దాకా కథ చెప్పి ఉంటాడు, ఆమెను చూసి ఆపాడు.

“రా అమ్మాయ్. కూర్చో. నా మనసులో ఏం లేదు. మేస్త్రీ మీద గౌరవంతో నేను ఎవరి దగ్గరా నీ పేరెత్తలేదు.”

“ఎత్తకపోయినా అందరికీ తెలిసిందండి.”

చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొడుకు లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“రేపు ఒక్క పది నిమిషాలు షెడ్డుకి రావాలి మీరు,” అంది ఆమె. “బ్రేకు ఎందుకు పట్టలేదో మీ ఎదురుగానే చూద్దాం. చూశాక నాదే తప్పని మీరంటే, షట్టరు మీద మీరే రాయండి, నేను చెరపను.”

“ఇంక ఆయన ఆ బండి జోలికి రారు,” అన్నాడు కొడుకు. “పాత ఇనుముకి ఇచ్చేయండి.”

“నా బండి గురించి నేను చెప్తాను,” అన్నాడు క్యాషియరు. ఆ ఒక్క మాటా గట్టిగా అని, ఆమె వైపు తిరిగాడు. “వస్తాను. పదింటికి.”

శుక్రవారం పది కొట్టకముందే వచ్చాడు, ఒక్కడే, నడిచి. షెడ్డులో కూడా ఆమె ఒక్కతే ఉంది. స్పార్కు ప్లగ్గు విప్పి పక్కన పెట్టింది, చక్రం తిప్పడానికి ఇంజను దమ్ము అడ్డు రాకుండా. బండి రెండో గేరులో ఉంచింది.

“ఎక్కి కూర్చోండి. స్టాండు మీదే ఉంది, భయం లేదు.”

“భయమేంటి, నా మొదటి బండి మీద నాకు,” అంటూ కుడి చేత్తో హ్యాండిలు పట్టుకుని ఎక్కాడు. ఎక్కగానే మనిషి మారాడు. వీపు నిటారుగా అయింది. “దీని మీద మొట్టమొదట ఎక్కించుకున్నది మా అమ్మని. తెలుసా? దిగిన తర్వాత అడిగింది, ఒరే, ఇంత చప్పుడు చేస్తోంది, దీనికేమైనా ఒంట్లో బాగాలేదా అని.”

ఆమె వెనక చక్రం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. “నేను చేత్తో చక్రం తిప్పుతూ ఉంటాను. ఆ రోజు ఎలా వెళ్లారో అలాగే చెప్పండి. బ్రేకు తొక్కిన చోట తొక్కండి. తొక్కితే చక్రం నా చేతిలో ఆగాలి.”

చక్రం తిరగసాగింది. క్యాషియరు కళ్లు ఎదుటి గోడ మీద నిలిచాయి.

“ఇక్కడి నుంచి బయల్దేరానా... మలుపు దగ్గర స్లో చేశాను. సందులోకి తిరిగాను. రెండో గేరు. ఎవరో నమస్కారం పెడితే తల ఊపాను. నీళ్ల ట్యాంకు దాటాను. అప్పుడు ఎడమ వైపు గేటులోంచి, చిన్న సైకిలు తోసుకుంటూ ఆ పిల్ల...”

ఆయన కాలు దిగింది. టక్కు. మళ్లీ దిగింది. టక్కు.

చక్రం ఆగలేదు. ఆమె అరచేతి కింద ఇంకా తేలికై, ఇంకా జోరుగా తిరిగింది.

“చూశావా!” అని అరిచాడు క్యాషియరు. “చూశావా, పట్టలేదు! అచ్చం ఇలాగే! నేను చెప్పలేదూ?”

ఆమె చక్రం వదిలేసి ఆయన కాలి వైపు చూసింది. ఆమె చూపు వెంట ఆయన చూపు కూడా దిగింది. చెప్పు వేసుకున్న కుడి పాదం, గేరు పెడలు మీద, ఇంకా బలంగా అదిమి ఉంది.

చక్రం తనంతట తనే నెమ్మదించింది. తర్వాత ఆయన కుడి కాలు పక్కకు తీశాడు, కాలిన చోటు నుంచి తీసినట్టు. “తిప్పు,” అన్నాడు. ఆమె తిప్పింది. ఆయన ఎడమ పాదంతో మెల్లగా నొక్కాడు. చక్రం ఠక్కున ఆగింది.

“ఇంకోసారి తిప్పు.”

ఆగింది.

బండి దిగడానికి ఆమె చెయ్యి అందించింది. ఆయన పట్టుకోలేదు. దిగి, బెంచీ దాకా వెళ్లి కూర్చున్నాడు. చాలాసేపు చెప్పు వార్లు సరిచేసుకున్నాడు.

“ఎవరికైనా చెప్పావా?”

“మా అమ్మకి. ఆవిడ ఇంకా కూడలిదాకా పోలేదు.”

ఆయనకు నవ్వు రాలేదు. “మావాడికి తెలిస్తే అన్ని తాళాలూ తీసేసుకుంటాడు. దీనివే కాదు, రోజూ నడిపే దానివి కూడా. బ్రేకుదే తప్పయితే బండి మారుస్తారు. తప్పు నాదయితే నన్ను మూల కూర్చోబెడతారు.”

ఆ మాట ఆమెకు తగిలింది. అయినా తల అడ్డంగా ఊపింది. “నేనుగా వెళ్లి చెప్పను. కానీ బ్రేకు పట్టలేదని ఎవరన్నా సరే ఒప్పుకోను. ఆదివారం బండి నడుపుకుంటూ గ్రౌండుకి వస్తాను. అందరూ చూస్తారు, కావలసినన్నిసార్లు ఆపి చూపిస్తాను. మీ కాలి సంగతి మీ ఇష్టం.”

ఆయన లేచి వెళ్లిపోయాడు.

శనివారమంతా ఆమె పనిలోనే ఉంది. వంగిన ఫుట్‌రెస్టు వేడి చేసి నిలబెట్టింది. అరిగిన హ్యాండిలు కొస మార్చింది. గీతలు పడిన చోట పెయింటు వెయ్యలేదు.

ఆదివారం ఆమె గ్రౌండులోకి వచ్చేసరికి బళ్లన్నీ వేప చెట్టు నీడలో వరసగా ఉన్నాయి. చప్పుడు విని అందరూ తిరిగారు. ఆమె వాళ్లకు పది అడుగుల దూరంలో ఎడమ కాలితో నొక్కింది. బండి నిలబడింది, మట్టి మీద చిన్న గీత గీసి. ఆమె స్టాండు వేసి, వెనకగా గట్టు మీద కూర్చుంది.

క్యాషియరు కుర్చీలో ఉన్నాడు. వెనక కొడుకు, గొడుగు పట్టుకుని.

కాంపౌండరు కథ సగంలో ఉంది. “...కిక్కు కొడితే చచ్చినా స్టార్టయ్యేది కాదు నా మొదటి బండి. పల్లంలోకి దొర్లిస్తే తప్ప. ఎక్కడికెళ్లినా ఎత్తు చూసుకుని ఆపేవాణ్ణి. పెళ్లికి మూడు సంబంధాలొచ్చాయి. మా ఆవిడ వాళ్ల ఇల్లు ఒక్కటే ఎత్తు మీద ఉంది. ఖాయం చేసేశా.”

“ఆవిడకి చెప్పావా ఈ సంగతి?”

“ముప్పై ఏళ్లయింది. ఇంకా మంచి సమయం కోసం చూస్తున్నా.”

డ్రిల్లు మాస్టారు తన బండికి హారను లేక ఈల నోట్లో పెట్టుకుని నడిపిన కథ చెప్పాడు. ట్రాఫిక్ పోలీసు అనుకుని లారీలు ఆగిపోయేవట. నవ్వులు తగ్గాక ఎవరో అన్నారు, “ఎన్ని చెప్పు, మొదటి బండి కాలికి గుర్తుంటుంది. మనం మర్చిపోయినా కాలు మర్చిపోదు.”

“మర్చిపోతుంది,” అన్నాడు క్యాషియరు.

అందరూ ఆయన వైపు చూశారు.

“ఎప్పుడూ ఒకే కథ చెప్తాను మీకు, మా అమ్మని ఎక్కించుకున్నది. ఈసారి వేరే చెప్తా. పోయిన ఆదివారం బ్రేకు బాగానే ఉంది. నేను తొక్కింది బ్రేకు కాదు.” కుడి మోకాలి మీద చెయ్యి వేశాడు. “గేరు. రెండుసార్లు. పాతికేళ్లు కొత్త బళ్లు నడిపి నడిపి, ఆ పిల్ల అడ్డం రాగానే ఈ కాలు దానికి తెలిసిందే చేసింది. ఈ అమ్మాయి పనిలో ఏ తప్పూ లేదు. వారం రోజులు ఆ నింద మోయించాను. అది కూడా చెప్తున్నాను.”

గొడుగు నీడ కదిలింది. కొడుకు ఆమె వైపు ఒకసారి చూసి కళ్లు దించుకున్నాడు.

డ్రిల్లు మాస్టారు మెడ గోక్కున్నాడు. “పోయిన నెల మా ఇంటి గేటు వంగిందే... తుప్పు పట్టి వంగిందని చెప్పా కదా.”

“ఆ.”

“తుప్పు కాదు.”

కాంపౌండరు ఆకాశం కేసి చూశాడు. “నేను ఆస్పత్రి మెట్ల మీదికి ఎక్కించాను. టైరు అరిగి జారిందని అందరికీ చెప్పి కొత్త టైరు వేయించా. అదిగో, అదే.”

కొడుకు వంగి తండ్రితో మెల్లగా అన్నాడు, “అందుకే నాన్నా, ఇంక చాలు. బండి వద్దు.”

క్యాషియరు గట్టు వైపు తిరిగాడు. “నువ్వు చెప్పమ్మా. నేను ఎక్కొచ్చా, ఎక్కకూడదా?”

అందరూ తిరిగి చూశారు. ఆమె లేచి నిలబడింది. ఔనంటే ఆయన సంతోషిస్తాడు. కాదంటే కొడుకు సంతోషిస్తాడు.

“ఇప్పుడు ఎక్కకూడదు,” అంది. “కట్టు విప్పాక, ఇక్కడే, రోజూ పొద్దున ఆరింటికి. ఎడమ కాలు దానంతట అది దిగేదాకా. నేను సరే అనేవరకూ రోడ్డెక్కేది లేదు. అంతవరకూ తాళం నా దగ్గరే ఉంటుంది.”

“మాక్కూడానా?” అన్నాడు కాంపౌండరు, నవ్వించబోయి.

“మీకు రేపటి నుంచే.”

మర్నాడు ఆరింటికి కాంపౌండరు వచ్చాడు, డ్రిల్లు మాస్టారు ఆయన వెనకే. ఆమె సున్నంతో మట్టి మీద గీతలు గీసింది. గీత దగ్గర “ఆపండి!” అని అరుస్తుంది, ఎడమ కాలితో ఆపాలి. మొదట్లో కాంపౌండరు గీత దాటి దాటి పోయాడు. ఏడున్నరకు వరసగా పది సార్లు ఆపాడు.

“చాలా అమ్మాయ్? డ్యూటీ టైమవుతోంది.”

“ఇంకో పది. ఈసారి గీతలు లేవు. ఎక్కడ అరుస్తానో చెప్పను.”

గట్టు మీద క్యాషియరు కూర్చున్నాడు, చెయ్యి మెడకు వేలాడేసుకుని. పిలవలేదు, తనే వచ్చాడు. లెక్క తనే పెడుతున్నాడు. ఆమె అరిచినప్పుడల్లా ఆయన ఎడమ పాదం నేలను నొక్కుతోంది. ఆరు. ఏడు. ఎనిమిదో అరుపుకు కాంపౌండరు సరిగ్గా ఆపాడు. గట్టు మీద మాత్రం కుడి పాదం కదిలింది.

ఆమె చూసింది. ఆమె చూడటం ఆయన చూశాడు.

కాంపౌండరు బండి తిప్పుకుని మళ్లీ బయల్దేరాడు. క్యాషియరు రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని, తన లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.